నా హ్యామ్ నాకివ్వాలి: ఆగస్ట్ విల్సన్ పది నాటకాల వెనక ఉన్న లెక్క

1969. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేట. అక్కడ మెంఫిస్ అనే ఆయన నడిపే ఒక చిన్న హోటల్. అందులోకి రోజూ ఒక మతి తప్పిన మనిషి వస్తాడు. అందరూ అతన్ని హ్యామ్‌బోన్ అంటారు. ఎవరేమడిగినా అతని నోట వచ్చేవి దాదాపు రెండే మాటలు: నా హ్యామ్ నాకు కావాలి, వాడు నా హ్యామ్ నాకిస్తాడు.

హ్యామ్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ. తొమ్మిదిన్నరేళ్ల కిందట ఎదురుగా ఉన్న మాంసం కొట్టు యజమాని, లట్జ్ అనే తెల్లాయన, తన కంచెకు రంగు వేసే పని ఇతనికి అప్పజెప్పాడు. పని మామూలుగా ఉంటే కోడి, బాగుంటే హ్యామ్ ఇస్తానన్నాడు. రంగు వేయడం అయిపోయింది. బాగా వేశానని ఇతను, కోడి తీసుకుపొమ్మని లట్జ్. ఇతను కోడిని ముట్టుకోలేదు. ఆ రోజు నుంచీ ప్రతి పొద్దునా లట్జ్‌కి ఎదురుపడి అదే మాట. మిగతా మాటలన్నీ ఒక్కొక్కటే రాలిపోయి అవి మాత్రం మిగిలాయి.

చూసేవాళ్లకు పిచ్చిగానే కనిపిస్తుంది. కానీ హోటల్లో రోజూ కూర్చునే హాలోవే అనే పెద్దాయన ఇంకో మాటంటాడు: వాళ్లు ఏది విసిరితే అది పుచ్చుకోవడం మనకు అలవాటైపోయింది, ఇతనికి కాలేదు, బహుశా మనందరికంటే తెలివైనవాడు ఇతనేనేమో అని.

ఇది నల్లజాతి నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ రాసిన ‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’ నాటకంలోని కథ. ఆయన పేరు ఇటీవల మళ్లీ వినిపించడానికి కారణం సినిమాలు. నటుడు డెంజెల్ వాషింగ్టన్ పూనుకుని ఆయన నాటకాలను ఒక్కొక్కటిగా తెర మీదికి తెస్తున్నారు. 2016లో ‘ఫెన్సెస్’ వచ్చింది. 2020లో ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’, 2024లో ‘ద పియానో లెసన్’ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. వాటిని చూసినవాళ్లకు సహజంగానే కొన్ని సందేహాలు వస్తాయి. ఇవన్నీ ఒకే కథలో భాగాలా? ఏది ముందు, ఏది వెనక? 1987లో అన్ని బహుమతులు గెలిచిన ‘ఫెన్సెస్’ సినిమా కావడానికి 29 ఏళ్లు ఎందుకు పట్టింది? దానికి దర్శకుడు నల్లవాడే కావాలని విల్సన్ ఎందుకు పట్టుబట్టాడు? అది న్యాయమేనా?

ఇవి విడివిడి ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ నా మటుకు నాకు ఇవన్నీ ఆ హ్యామ్ దగ్గరికే వస్తాయి. చేసిన పనికి, పోగొట్టుకున్న వస్తువుకి, చివరికి ఒక జాతి కథకి వెల కట్టేది ఎవరు? విల్సన్ బతుకంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

పుట్టినప్పటి పేరు, తెచ్చుకున్న పేరు

విల్సన్ 1945 ఏప్రిల్ 27న హిల్ డిస్ట్రిక్ట్‌లోనే పుట్టాడు. తల్లి డెయిజీ విల్సన్, నార్త్ కరోలినా నుంచి వచ్చిన కుటుంబం, ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది. తండ్రి ఫ్రెడరిక్ కిటెల్, యూరప్ నుంచి వలస వచ్చిన జర్మన్, బేకరీలో పనివాడు. ఆరుగురు పిల్లల్లో ఇతను నాలుగోవాడు. 1727 బెడ్‌ఫర్డ్ అవెన్యూలో, ఒక కిరాణా కొట్టు వెనక వాటాలో కాపురం. తండ్రి ఇంట్లో ఉన్నది తక్కువ.

అప్పట్లో ఆయన పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిటెల్ జూనియర్. ఇరవయ్యో ఏట, 1965లో, తండ్రి చనిపోయిన ఆ కాలంలోనే తల్లి ఇంటిపేరు తీసుకుని ఆగస్ట్ విల్సన్ అయ్యాడు. తండ్రి తెల్లవాడు కదా, మరి ఈయన్ని నల్లజాతి రచయిత అనడమేమిటని కొందరు అడుగుతుంటారు. దానికి ఆయన జవాబు సూటిగా ఉండేది. తనను పెంచింది తల్లి. తిన్న తిండి, విన్న పాట, నేర్చిన మర్యాద, మాట తీరు అన్నీ ఆ వంటగదిలోంచి వచ్చినవే. వీధిలో జనం తనను చూసిన చూపు కూడా ఆ జాతివాడిగానే.

నెపోలియన్ మీద ఇరవై పేజీలు

హైస్కూల్లో ఆయన అనుభవం బాగా లేదు. ఒక క్యాథలిక్ స్కూల్లో చేరితే తరగతిలో నల్లపిల్లాడు తానొక్కడే. రోజూ బెంచీ మీద తిట్లు రాసిన కాగితాలు ఉండేవి. అక్కడి నుంచి ఇంకో స్కూలుకి, ఆ పైన మరో స్కూలుకి మారాడు. పదిహేనో ఏట నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి ఇచ్చాడు. టీచర్‌కి నమ్మకం కుదరలేదు. అక్కలెవరో రాసిపెట్టి ఉంటారని అనుమానించాడు. తనే రాశానని రుజువు చేసుకోవడానికి విల్సన్ ఒప్పుకోలేదు. కాగితాలు చెత్తబుట్టలో పడేసి బయటికి నడిచాడు. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గది కిటికీకి ఎదురుగా బాస్కెట్‌బాల్ ఆడుతూ నిలబడ్డాడు. ఎవరైనా బయటికొచ్చి క్లాసుకి వెళ్లకుండా ఇక్కడేం చేస్తున్నావని అడుగుతారని ఆశ. ఎవరూ రాలేదు.

కోడి తీసుకుపోనన్న హ్యామ్‌బోన్ ఈ కుర్రాడే అని నాకనిపిస్తుంది.

తర్వాత ఆయన చదువంతా పిట్స్‌బర్గ్ కార్నెగీ లైబ్రరీలో జరిగింది. స్కూలు మానేసిన సంగతి తల్లికి చెప్పకుండా రోజూ అక్కడికి వెళ్లి కూర్చునేవాడు. చాలా ఏళ్ల తర్వాత అదే లైబ్రరీ ఆయనకు గౌరవంగా హైస్కూలు డిప్లొమా ఇచ్చింది. 17వ ఏట సైన్యంలో మూడేళ్లకు చేరి ఏడాదికే వచ్చేశాడు. 1965లో కాలేజీలో చదివే అక్కకు ఒక వ్యాసం రాసిపెట్టి, ఆ వచ్చిన 20 డాలర్లతో పాత టైప్‌రైటర్ కొన్నాడు. దాని మీద ముందుగా టైపు చేసింది తన పేరునే, ఏ రూపంలో బాగుంటుందో చూసుకోవడానికి.

అదే ఏడాది పాత సామాన్ల కొట్లో అయిదేసి సెంట్లకు కొన్న గ్రామఫోన్ రికార్డుల్లో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాట ఒకటి దొరికింది. దాన్ని వరసగా 22 సార్లు వేసుకుని విన్నాడట. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల పాట. కూలి బతుకు, ప్రయాణం, ప్రేమ, అప్పు, చావు అన్నీ అందులో ఉంటాయి. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కని తనవాళ్ల జ్ఞాపకమంతా ఈ పాటల్లో దాచి ఉందని ఆయనకు తోచింది. తనను తయారుచేసినవి నాలుగని తర్వాత చెప్పేవాడు: బ్లూస్, అర్జెంటీనా రచయిత బోర్హెస్, నల్లజాతి కవి అమీరి బరాకా, చిత్రకారుడు రొమేర్ బేర్డెన్.

ఇంకో విషయం. ఆయన మొదట్లో రాసింది కవిత్వం. 1968లో రాబ్ పెన్నీతో కలిసి హిల్‌లో బ్లాక్ హొరైజన్ అనే నాటక సమాజం పెట్టాడు గానీ తనకు సంభాషణలు రాయడం చేతకాదనే అనుకున్నాడు. 1978లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌కి వెళ్లి, అక్కడి సైన్స్ మ్యూజియంలో చిన్న చిన్న స్క్రిప్టులు రాసే ఉద్యోగం చేశాడు. చుట్టూ నల్లవాళ్లు బాగా తక్కువ. చిత్రంగా, సొంత పేటకు అంత దూరం పోయాకే ఆ పేట మాట ఆయన చెవిలో స్పష్టంగా పలకడం మొదలైంది. ‘జిట్నీ’ అక్కడే పుట్టింది. మామూలు టాక్సీలు హిల్‌లోకి రావడానికి ఒప్పుకోకపోతే, లైసెన్సు లేకుండా సొంత కార్లు కిరాయికి తిప్పేవాళ్లు. ఆ కార్లే జిట్నీలు. ఆ డ్రైవర్లు ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చునే గదిలో నాటకమంతా నడుస్తుంది.

వాటర్‌ఫర్డ్ నుంచి బ్రాడ్‌వే దాకా

ఇక్కడ అమెరికా నాటకరంగం ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత వచ్చే గొడవ అర్థం కాదు.

బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో నలభై చిల్లర పెద్ద హాళ్లు. అక్కడిది పక్కా వ్యాపారం: నిర్మాతలు డబ్బు పెడతారు, టికెట్లు తెగినన్నాళ్లు ఆడతారు, తెగకపోతే దింపేస్తారు. రెండోది దేశమంతటా ఊరూరా ఉన్న లాభాపేక్ష లేని థియేటర్లు. అవి విరాళాలతో, ఫౌండేషన్ల గ్రాంట్లతో, ముందుగా ఏడాది టికెట్లు కొనేసే ప్రేక్షకులతో నడుస్తాయి. మన పరిషత్తు నాటకాల్లాగా పోటీకి ఆడేవి కావు, ఒక్కో నాటకం కొన్ని వారాలపాటు రోజూ ఆడుతుంది. వీటిలో పెద్దవన్నీ కలిసి ఒక సంఘంగా ఉన్నాయి, దాని పేరు లీగ్ ఆఫ్ రెసిడెంట్ థియేటర్స్. మూడోది కొత్త నాటకాలకు సాన పట్టే చోట్లు. కనెక్టికట్ రాష్ట్రం వాటర్‌ఫర్డ్‌లోని యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ వాటిలో పేరున్నది. అక్కడ వేసవిలో నటులు కాగితాలు చేత పట్టుకుని నాటకం చదువుతూ ఆడి చూపిస్తారు, రచయిత వినుకుంటూ దిద్దుకుంటాడు.

ఓనీల్ సెంటర్ విల్సన్‌ని అయిదుసార్లు తిప్పి పంపింది. 1982లో ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ని తీసుకుంది. అక్కడ ఆయనకు లాయిడ్ రిచర్డ్స్ దొరికాడు. 1959లో ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’ నాటకాన్ని బ్రాడ్‌వేలో నడిపించిన నల్లజాతి దర్శకుడు రిచర్డ్స్. అప్పటికి ఓనీల్ సెంటర్ నాటక సదస్సు ఆయన చేతిలో ఉంది, యేల్ విశ్వవిద్యాలయ నాటక కళాశాలకు డీన్ కూడా ఆయనే. ఇద్దరూ కలిసి ఒక కొత్త దారి వేశారు. నాటకాన్ని ముందు యేల్ రెపర్టరీ థియేటర్‌లో ఆడతారు. తర్వాత ఒక్కో ఊళ్లో, ఒక్కో లాభాపేక్ష లేని థియేటర్‌లో ఆడుతూ, ప్రతిచోటా దిద్దుతూ వెళ్తారు. ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. బ్రాడ్‌వే చేరేసరికి నాటకం రాటుదేలి ఉంటుంది.

‘ద పియానో లెసన్’ యేల్‌లో 1987లో మొదలై, బోస్టన్, షికాగో వగైరా తిరిగి, 1990 ఏప్రిల్‌లో బ్రాడ్‌వే చేరింది. మొదట్లో ఆడినప్పుడు దానికి తెగిన ముగింపే లేదు, అది దారిలో దొరికింది. బ్రాడ్‌వేలో తెర లేవకముందే ఆ నాటకానికి పులిట్జర్ బహుమతి ప్రకటించారు. ఆయనకది రెండో పులిట్జర్.

మొదటిది 1987లో ‘ఫెన్సెస్’కి. నాటకరంగంలో ఆస్కార్‌తో సమానమైన టోనీ కూడా దానికే వచ్చింది. మొదటి ఏడాదే 1.1 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పాటలు లేని నాటకానికి అప్పటికి అది రికార్డు.

వరస తప్పిన శతాబ్దం

విల్సన్ రాసిన పది నాటకాల్లో ఒక్కోటి 20వ శతాబ్దంలోని ఒక్కో దశాబ్దంలో జరుగుతుంది. వీటిని పిట్స్‌బర్గ్ సైకిల్ అనీ, అమెరికన్ సెంచరీ సైకిల్ అనీ అంటారు. సైకిల్ అంటే ఇక్కడ ఒకే దండలో గుచ్చిన కృతుల వరస. పేటా అదే, తరాలూ అవే, కానీ ఇది సీరియల్ కాదు. ఏ నాటకానికా నాటకం పూర్తిగా నిలబడుతుంది. పేరు పిట్స్‌బర్గ్‌ది అయినా పదీ అక్కడివి కావు, 1927లో జరిగే ‘మా రెయినీ’ షికాగోలోని రికార్డింగ్ స్టూడియోలో నడుస్తుంది.

కాలం వరసలో పెడితే ఇలా వస్తాయి. 1904 ‘జెమ్ ఆఫ్ ది ఓషన్’, 1911 ‘జో టర్నర్స్ కమ్ అండ్ గాన్’, 1927 ‘మా రెయినీ’, 1936 ‘ద పియానో లెసన్’, 1948 ‘సెవెన్ గిటార్స్’, 1957 నుంచి 1965 దాకా ‘ఫెన్సెస్’, 1969 ‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’, 1977 ‘జిట్నీ’, 1985 ‘కింగ్ హెడ్లీ ది సెకండ్’, 1997 ‘రేడియో గోల్ఫ్’. కానీ రాసిన వరస వేరు. అన్నిటికన్నా ముందు రాసింది డెబ్భైల నాటి ‘జిట్నీ’. శతాబ్దపు రెండు కొసల్లో ఉన్న ‘జెమ్ ఆఫ్ ది ఓషన్’, ‘రేడియో గోల్ఫ్’ ఆఖరున వచ్చాయి. ‘జిట్నీ’ బ్రాడ్‌వేకి వచ్చిందయితే 2017లోనే.

మొదటి నుంచీ ఇదంతా ప్లాన్ ప్రకారం జరిగిందనుకుంటే పొరపాటు. కొన్ని నాటకాలు రాశాక వెనక్కి తిరిగి చూసుకుంటే అవి వేర్వేరు దశాబ్దాల్లో ఉన్నాయని ఆయనకే తట్టింది. అయితే అలాగే పోదామనుకున్నాడు. ఆ తర్వాత మాత్రం తప్పలేదు.

వరస తప్పి రాయడంలో ఒక లాభం ఉంది. పర్యవసానం ముందు తెలిసిపోయి, మూలం వెనక దొరుకుతుంది. 1948 నాటి ‘సెవెన్ గిటార్స్’లో కడుపుతో ఉన్న రూబీ అనే పడుచు పిల్లను చూస్తాం. 1985కి వచ్చేసరికి ఆ బిడ్డే కింగ్ హెడ్లీ, జైలు నుంచి తిరిగొచ్చి దొంగ ఫ్రిజ్‌లు అమ్ముతుంటాడు. రూబీ ముసలిదై అదే నాటకంలో ఉంటుంది. రెండూ చదివిన వాళ్లకు ఆ మధ్యనున్న 37 ఏళ్లు, ఎవరూ రాయకపోయినా, కళ్లముందు ఆడతాయి.

పియానో ఎవరిది

1936. మిసిసిపీ నుంచి బాయ్ విల్లీ అనేవాడు లారీ నిండా పుచ్చకాయలు వేసుకుని పిట్స్‌బర్గ్‌లో అక్క బెర్నీస్ ఇంటికి దిగుతాడు. కాయలు అమ్మిన డబ్బు, దాచుకున్న డబ్బు, ఇంట్లో ఉన్న పియానో అమ్మితే వచ్చే డబ్బు కలిపి, తమ తాతలు బానిసలుగా దున్నిన సట్టర్ల భూమినే కొనాలని అతని పట్టుదల.

ఆ పియానో మామూలుది కాదు. బానిసత్వం రోజుల్లో యజమాని సట్టర్ తన భార్యకు పెళ్లిరోజు కానుకగా దాన్ని తెచ్చాడు. చేతిలో డబ్బు లేక బదులుగా ఇద్దరు బానిసల్ని ఇచ్చాడు. ఒక తల్లి, తొమ్మిదేళ్ల కొడుకు. బేరంలో వాళ్లను ఒకటిన్నర మనిషిగా లెక్క కట్టారు. వెనక మిగిలిన భర్త వడ్రంగి. పోయినవాళ్ల మీద యజమానురాలికి బెంగ పుడితే, వాళ్ల బొమ్మలు పియానో మీద చెక్కమని అతన్ని ఆజ్ఞాపించారు. అతను ఆ ఇద్దరివే కాదు, తమ వంశమంతటివీ చెక్కేశాడు. మనవడి తరంలో ఆ పియానోను సట్టర్ల ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన బెర్నీస్, బాయ్ విల్లీల తండ్రి, ఆ కారణంగానే ప్రాణం పోగొట్టుకున్నాడు.

అమ్మనంటుంది బెర్నీస్. మన అమ్మ పదిహేడేళ్లు దాన్ని తుడిచి తుడిచి చేతులు రక్తాలు కారేలా చేసుకుందంటుంది. వాయించకుండా మూలన పెట్టుకుంటే ఏం లాభం, నాన్న బతికుంటే దీన్ని అమ్మి భూమి కొనేవాడంటాడు తమ్ముడు. ఇద్దరిదీ సబబే. జ్ఞాపకాన్ని దాచుకోవాలా, పెట్టుబడిగా మార్చుకోవాలా? విల్సన్ ఏ ఒక్కరినీ వెర్రివాళ్లను చేయడు. ఈ నాటకానికి పేరూ ఊహా వచ్చింది బేర్డెన్ వేసిన చిత్రం నుంచి.

‘ఫెన్సెస్’లోనూ ఇదే నిజాయితీ. చెత్తబండి మీద పనిచేసే 53 ఏళ్ల ట్రాయ్ మాక్సన్ ఒకప్పుడు గొప్ప బేస్‌బాల్ ఆటగాడు. నల్లవాడినని పెద్ద లీగుల్లోకి రానివ్వలేదంటాడు. తలుపులు తెరుచుకునేసరికి నీకు నలభై దాటాయి కదా అంటుంది భార్య రోజ్. రెండూ నిజమే. ఆ కసితోనే ట్రాయ్, కొడుకు కోరీకి ఫుట్‌బాల్ వల్ల వచ్చే కాలేజీ చదువును చెడగొడతాడు. అన్యాయానికి గురైనవాడు ఇంట్లో తాను చేసే అన్యాయాన్ని చూసుకోలేకపోవడం, ఇంత దగ్గరగా చూపించిన నాటకాలు చాలా తక్కువ.

విమర్శలూ ఉన్నాయి. నాటకాలు మూడేసి గంటలు, మాటలే మాటలని కొందరు. స్టేజీ మీద ఆరేడుగురు మగవాళ్ల మధ్య ఒక్క ఆడమనిషి, ఆమె కథ వాళ్ల చుట్టూ తిరగడమే అని ఇంకొందరు. రెండోదానిలో నిజం ఉంది. రోజ్, బెర్నీస్ ఎంత బలంగా నిలబడినా ఆ లెక్క మారదు.

దర్శకుడు నల్లవాడే ఎందుకు

1987లో పారమౌంట్ సంస్థ ‘ఫెన్సెస్’ సినిమా హక్కులు కొంది. విల్సన్ షరతు ఒక్కటే, దర్శకుడు నల్లజాతివాడు కావాలి. స్టూడియో ఒక తెల్లజాతి దర్శకుడి పేరు తెచ్చింది, ఆయన వద్దన్నాడు. నల్లవాడని చెప్పి ఎవర్నో పెట్టుకోలేం కదా అన్న జవాబు వచ్చింది. 1990లో దీని మీద ఆయన ఒక వ్యాసమే రాశాడు.

ఆయన వాదం ఇది. చర్మం రంగును బట్టి ప్రతిభ వస్తుందని నేననడం లేదు. కానీ ఈ నాటకం ఒక సంస్కృతి లోపలి నుంచి పుట్టింది. వంటింట్లో మాట ఎప్పుడు పరాచికం, ఎప్పుడు బెదిరింపు, మౌనం ఎప్పుడు మర్యాద, ఎప్పుడు కోపం అన్నది అందులో పెరిగినవాడికి వివరించక్కర్లేదు. పైగా ఇంత పెద్ద సినిమా నల్లజాతి దర్శకుడికి ఇవ్వకపోతే, అనుభవం లేదనే సాకు ఎప్పటికీ పోదు.

ఎదుటివాళ్ల వాదమూ తీసిపారేసేది కాదు. కళకు ఊహ ప్రాణం, తనది కాని బతుకును ఊహించడమే కదా కళాకారుడి పని? దర్శకుణ్ని జాతి చూసి ఎంచితే, రేపు నల్లవాళ్లను నల్ల కథలకే పరిమితం చేయడానికి అదే వాదం పనికిరాదా?

ఫలితం ఏమిటంటే విల్సన్ బతికుండగా ఆ సినిమా రాలేదు. ఆయన పోయాక పదకొండేళ్లకు, డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వంలో వచ్చింది. రోజ్ పాత్ర వేసిన వయోలా డేవిస్‌కి ఆస్కార్ దక్కింది. విల్సన్ రాసిపెట్టిన స్క్రీన్‌ప్లేకి మరణానంతరం ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆయన కోడి తీసుకోలేదు, హ్యామ్ వచ్చింది, కానీ అందుకోవడానికి ఆయన లేడు. ఆ పట్టుదల సరైనదేనని నా అభిప్రాయం. దానికి ఆయన కట్టిన మూల్యం చిన్నదని మాత్రం అనలేను.

టౌన్ హాల్‌లో ఆ రాత్రి

1996 జూన్ 26న ప్రిన్స్‌టన్‌లో అమెరికా నాటకరంగ ప్రముఖుల సదస్సు జరిగింది. విల్సన్ ముఖ్య ప్రసంగం చేశాడు. లీగ్ ఆఫ్ రెసిడెంట్ థియేటర్స్‌లో 66 థియేటర్లుంటే నల్లవాళ్లది ఒక్కటే అన్నాడు. మాకు పాత్రలు దానం చేయడం కాదు, థియేటర్లు కావాలి అన్నది ఆ ప్రసంగం సారం.

అక్కడే ‘కలర్‌బ్లైండ్ కాస్టింగ్’ని తీవ్రంగా ఖండించాడు. అంటే నటుడి జాతి చూడకుండా ఏ పాత్రకైనా ఎవరినైనా తీసుకోవడం. ఉదాహరణకు, ఒక తెల్లజాతి కుటుంబం గురించి రాసిన ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ని అందరూ నల్లనటులతో ఆడటం. వినడానికి ఉదారంగా ఉంటుంది. విల్సన్ దృష్టిలో అది అవమానం. నీ చరిత్ర, నీ నడక, నీ భాష పక్కనపెట్టి ఇంకొకరి ఇంట్లో వాళ్లలా నటించు అనడమే అది. గ్రాంట్లన్నీ తెల్ల థియేటర్లకు పోయి, అవి నలుగురు నల్లనటుల్ని తీసుకుని సమానత్వం వచ్చేసిందంటే ఎలా అన్నాడు.

యేల్ రెపర్టరీ థియేటర్ స్థాపకుడు, విమర్శకుడు రాబర్ట్ బ్రస్టీన్ గట్టిగా ఎదురు తిరిగాడు. ఇది ప్రభుత్వ డబ్బుతో వేర్పాటువాదం అన్నాడు. కళకు కొలత నాణ్యతే గాని జాతి కాదన్నాడు. విల్సన్ నాటకాలన్నీ పెరిగింది ఆ తెల్ల సంస్థల్లోనే కదా అన్న మాట కూడా వచ్చింది. 1997 జనవరి 27న న్యూయార్క్ టౌన్ హాల్‌లో, నటి, రచయిత్రి అన్నా డివేర్ స్మిత్ మధ్యవర్తిగా, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నిండిన హాల్లో వాదించుకున్నారు. ఒకరినొకరు ఒప్పించుకోలేదు.

తేలని చిక్కు ఇంకోటి ఉంది. జాతి చూడని ఎంపిక వల్లే షేక్‌స్పియర్, చెహోవ్ నాటకాల్లో వేషాలు దొరికిన నల్లనటులు ఎందరో. విల్సన్ మాట నెగ్గితే తమ తలుపులు మూసుకుపోతాయన్న భయం వాళ్లలో కొందరికి కలిగింది. మరోపక్క, ఆయన చెప్పిన 66లో 1 అన్న లెక్కకు బ్రస్టీన్ దగ్గర సూటి జవాబు లేదు. నా చూపులో విల్సన్ అడిగింది డబ్బు, భవనాలు, అధికారం గురించి. బ్రస్టీన్ జవాబిచ్చింది సౌందర్యం గురించి. ఆ రాత్రి ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు చెప్పుకున్నారు.

ఈ గొడవ విల్సన్‌తో పోలేదు. 2009లో ‘జో టర్నర్’ని బ్రాడ్‌వేలో మళ్లీ ఆడినప్పుడు దర్శకుడు బార్ట్‌లెట్ షేర్, తెల్లజాతివాడు. హక్కులు చూసే విల్సన్ భార్య కాన్‌స్టాంజా రొమేరో అనుమతితోనే జరిగింది. నాటకం మెప్పు పొందింది. ఆయన ఉంటే ఒప్పుకునేవాడా అన్న ప్రశ్న నల్లజాతి దర్శకుల్లో చాలామందిని బాధపెట్టింది.

1839 వైలీ అవెన్యూ

నిజమైన హిల్ డిస్ట్రిక్ట్‌కు ఏమైందో చెప్పకుండా ఈ నాటకాల సంగతి పూర్తికాదు. 1950ల మధ్య నగరాభివృద్ధి పేరుతో పేట దిగువ భాగం, సుమారు 95 ఎకరాలు, కూల్చేశారు. ఎనిమిది వేల మందికి పైగా ఇళ్లు పోయాయి. ఆ జాగాలో 1961లో సివిక్ అరీనా అనే పెద్ద స్టేడియం తెరిచారు. ‘టూ ట్రెయిన్స్’లో మెంఫిస్ హోటల్‌ను నగరం తీసేసుకోబోతుంటుంది, 25 వేల డాలర్లకు పైసా తగ్గనని అతను కూర్చుంటాడు. ‘జిట్నీ’లో డ్రైవర్ల గదికి పలకలు కొట్టి మూసేయబోతుంటారు. నాటకం ఏదైనా వెనక బుల్డోజర్ చప్పుడు ఉంటుంది.

ఈ పేటలోనే, విల్సన్ ఊహలో, 1839 వైలీ అవెన్యూ అనే ఇల్లుంది. అందులో ఆంట్ ఎస్టర్ అనే ముసలమ్మ. మనసు చెదిరినవాళ్లు ఆమె దగ్గరికెళ్లి కుదుటపడతారు. 1904లో ఆమెకు 285 ఏళ్లని చెబుతారు. తీసివేసి చూడండి: 1619 వస్తుంది. ఆఫ్రికన్లను మొదటిసారి వర్జీనియా తీరంలో దించిన సంవత్సరం అది. 1985లో, 366వ ఏట ఆమె చనిపోతుంది. ఈ లెక్కా 1619కే పోతుంది. ఆమె మనిషి రూపంలో ఉన్న ఒక జాతి జ్ఞాపకం. ఆమె పోయిన దశాబ్దం నాటకమే అన్నిటికన్నా చీకటిది కావడం కాకతాళీయం కాదు.

‘రేడియో గోల్ఫ్’ 1997లో జరుగుతుంది. హార్మండ్ విల్క్స్ బాగా చదువుకున్న, డబ్బున్న నల్లజాతి రియల్ ఎస్టేట్ వ్యాపారి, మేయర్ పదవికి నిలబడుతున్నాడు. హిల్‌లో అపార్ట్‌మెంట్లు, స్టార్‌బక్స్ తెచ్చే ప్రాజెక్టు అతనిది. దానికి 1839 వైలీ ఇంటిని కూల్చాలి. ఈసారి కూల్చేది తెల్లవాళ్లు కాదు. ఓల్డ్ జో అనే ముసలాయన మాత్రం ఆ ఇంటికి రంగు వేయడం మొదలుపెడతాడు, అది నాదే అంటాడు. కాగితాలు తిరగేస్తే ఆ ఇంటిని తన కంపెనీ కొన్న తీరు చట్టప్రకారం చెల్లదని హార్మండ్‌కి తెలుస్తుంది. ఇంకా తవ్వితే ముసలాయనా తానూ చుట్టాలేనని తేలుతుంది.

ఈ నాటకాన్ని విల్సన్ చావు తెలిసీ దిద్దాడు. 2005 జూన్‌లో కాలేయ క్యాన్సర్ అని తేలింది. ఆ వేసవంతా రాతప్రతి మీద పనిచేశాడు. అక్టోబర్ 2న, సియాటిల్‌లో, 60వ ఏట పోయాడు. రెండు వారాలకు బ్రాడ్‌వేలోని వర్జీనియా థియేటర్‌కి ఆయన పేరు పెట్టారు. నల్లజాతివారి పేరు పెట్టుకున్న మొదటి బ్రాడ్‌వే హాలు అదే. 1727 బెడ్‌ఫర్డ్ అవెన్యూలో ఆయన చిన్నప్పుడు పెరిగిన ఇల్లు పాడుబడి చాలాకాలం ఖాళీగా ఉంది. బాగుచేసి 2022 ఆగస్టులో జనం కోసం తెరిచారు.

హ్యామ్‌బోన్ కథకు వస్తే, అతను హ్యామ్ అందుకోకుండానే చనిపోతాడు. ఆఖరి దృశ్యంలో స్టెర్లింగ్ అనే కుర్రాడు లట్జ్ కొట్టు అద్దం పగలగొట్టి, చేతులు నెత్తురోడుతూ హ్యామ్ తెస్తాడు, శవపేటికలో పెట్టమని. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత జరిగే ‘రేడియో గోల్ఫ్’లో అదే స్టెర్లింగ్ మళ్లీ కనిపిస్తాడు, ఇప్పుడు చిన్న కాంట్రాక్టర్. పాత ఇంటికి రంగు వేసే జనంలో అతనూ ఉంటాడు. భాగస్వామీ, ఎన్నికా, ప్రాజెక్టూ అన్నీ పోయాక హార్మండ్ ఆఫీసులో ఒంటరిగా మిగిలి, ఒక బ్రష్ తీసుకుని, ఆ ఇంటికి రంగు వేయడానికి బయటికి నడుస్తాడు.